పొత్తికడుపు నొప్పి నెలల తరబడి వదలకపోతే

బొడ్డు కింద నొప్పి ఆరు నెలలైనా వస్తూ పోతూ ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి కింద లెక్కేస్తారు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) మచ్చలు పలచగా ఉంటే అల్ట్రాసౌండ్‌కి దొరకవు. మూత్రసంచి, పేగులు, కటి కండరాలు కూడా అదే చోట నొప్పి పుట్టిస్తాయి. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి.

అందుకే రెండు నెలసరుల పాటు రోజూ ఓ పుస్తకంలో రాసి డాక్టరుకి చూపించండి: నొప్పి 10కి ఎంత, నెలసరి ఎన్నో రోజు, కలయికలో నొప్పి ఉందా అని. మూత్రం నిండేకొద్దీ పెరిగి, పోశాక తగ్గితే మూత్రసంచిని అనుమానించాలి. విరేచనం అయ్యాక తగ్గితే పేగుల్ని.

నొప్పి పాతబడేకొద్దీ కటి అడుగు కండరాలు మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. అసలు జబ్బుకి మందు పడినా ఆ బిగువే నొప్పిని నిలబెడుతుంది. ఇలాంటప్పుడు కెగెల్ వ్యాయామాలు చేస్తే నొప్పి పెరగొచ్చు, ఎందుకంటే అవి బిగించే వ్యాయామాలు. ఇక్కడ కావాల్సింది వదులు చేయడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకోటి బొడ్డు కింద ఉంచండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీలిస్తే కింది చెయ్యి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. అప్పుడే మూత్రం మొదలయ్యేటప్పటిలా అడుగుభాగాన్ని వదిలేయండి, ముక్కకండి. ఆరు లెక్కపెడుతూ గాలి వదలండి. పూటకి 5 నిమిషాలు, రెండు పూటలా. కళ్ళు తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నారన్నమాట, ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. తేడా తెలియడానికి వారాలు పడుతుంది. కటి కండరాల మీద పనిచేసే ఫిజియోథెరపిస్టు దొరికితే తప్పకుండా చూపించుకోండి.

వేడినీళ్ళ సంచిని బట్టలో చుట్టి 15 నిమిషాలు పెట్టుకోండి. చర్మం మీద వలలా గోధుమరంగు చారలు వస్తే వేడి ఎక్కువైందని గుర్తు. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని వదిలించుకోవాలి, ముక్కడం వల్ల కండరాలు మళ్ళీ బిగుస్తాయి. కమోడ్ వాడేవాళ్ళు కాళ్ళ కింద చిన్న పీట వేసుకోండి. ఇసబ్‌గోల్ తాగితే నీళ్ళు కూడా బాగా తాగాలి, లేకపోతే అదే గట్టిపడుతుంది. నెలసరి నొప్పికి రాసిన మాత్ర నొప్పి ముదరకముందే, ఏదైనా తిన్నాక వేసుకోండి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉంటే ముందే చెప్పండి.

బాగున్న రోజున ఇంటిపనంతా ఒక్కసారే పెట్టుకోకండి. 20 నిమిషాలు నిలబడితే నొప్పి మొదలవుతుందంటే 15 దగ్గరే కూర్చోండి.

జ్వరం, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, నెల తప్పాక నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముట్లుడిగాక రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

గర్భసంచి తీసేద్దామంటే మాత్రం తొందరపడొద్దు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. నొప్పి మూత్రసంచిదో కండరాలదో అయితే ఆపరేషన్ తర్వాతా ఉంటుంది. నొప్పి గర్భసంచిదేనని ఎలా తేల్చారు, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. రెండో డాక్టరుకీ అవే కాగితాలు చూపించండి.