లైబ్రరీ సంఘం విద్యార్థి చాప్టర్ పెట్టబోతున్న గోదావరి జిల్లాల పిల్లలకు

అమలాపురం, భీమవరం, కాకినాడ, తణుకు వైపు నుంచి అమెరికాకి లైబ్రరీ సైన్స్ చదవడానికి వచ్చేవాళ్లు తక్కువే. ఆ కొద్దిమందిలో చురుగ్గా ఉన్నవాళ్లకి మొదటి సెమిస్టర్‌లోనే ఒక ఉత్సాహం పుడుతుంది: మా డిపార్ట్‌మెంట్‌లో ఏఎల్ఏ (అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్) విద్యార్థి చాప్టర్, అంటే విద్యార్థులు నడుపుకునే శాఖ, ఒకప్పుడు ఉండేదట, మూతపడింది, మళ్లీ మొదలుపెడదాం అని. మంచి ఆలోచన, తప్పకుండా పెట్టండి. కానీ ఈమధ్యే కోనసీమ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇలాగే మొదలుపెట్టి, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసులో కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్‌కి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ పిల్ల పైసా ముట్టుకోలేదు. అందరి డబ్బూ తన ఖాతాలో వేయించుకుంది, అంతే.

అందుకని ముందే చెప్పేస్తున్నాను. చాప్టర్ డబ్బు ఒక్క డాలరు కూడా మీ సొంత ఖాతాలోకి రాకూడదు. మిగతావన్నీ దీని తర్వాతే.

చాప్టర్‌కి రెండు చోట్ల గుర్తింపు కావాలి. ఒకటి మీ యూనివర్సిటీలో విద్యార్థి సంఘాలను చూసే ఆఫీసు దగ్గర రిజిస్ట్రేషన్. రెండోది షికాగోలోని ఏఎల్ఏ దగ్గర. అక్కడ చాప్టర్ రిలేషన్స్ ఆఫీసు ఈ పని చూస్తుంది. 1876లో పుట్టిన సంఘం, పేరు పెద్దది, అందుకని అందరూ ముందు షికాగోకే మెయిల్ కొడతారు. అలా చెయ్యకండి. యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ అయితేనే మీకు గది దొరుకుతుంది, సంఘం పేరున మెయిల్ ఐడీ వస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఖాతా వస్తుంది. మీ కోర్సుకి ఏఎల్ఏ గుర్తింపు ఉందో లేదో చేరేముందే చూసుకుని ఉంటారు కాబట్టి దాని గురించి చెప్పను.

ఫ్యాకల్టీ సలహాదారుగా ఎవరో ఒకరు చాలనుకోవద్దు. ఫుల్‌టైమ్ ప్రొఫెసర్ అయ్యుండాలి, ఏఎల్ఏ సభ్యులై ఉండాలి, వచ్చే ఏడాది సబ్బాటికల్ (ప్రొఫెసర్లు తీసుకునే దీర్ఘ సెలవు) మీద వెళ్లనివారై ఉండాలి. ఈ మూడోది మొహమాటం లేకుండా అడగండి. సలహాదారు లేని సంఘానికి యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, రిజిస్ట్రేషన్ ఆగితే ఖాతా ఆగుతుంది. మీరూ, మిగతా ఆఫీస్ బేరర్లూ ఏఎల్ఏ విద్యార్థి సభ్యత్వం తీసుకోండి. చాలా రాష్ట్రాల్లో ఏఎల్ఏకీ రాష్ట్ర లైబ్రరీ సంఘానికీ కలిపి విద్యార్థులకు ఒకే సభ్యత్వం ఉంటుంది. విడివిడిగా కట్టేముందు అది చూడండి.

నియమావళి దగ్గర అందరూ పడే గొయ్యి కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. పక్క సంఘం నియమావళి (బైలాస్) దించేసి, "సభ్యుల్లో సగం మంది హాజరైతేనే కోరం" అని రాసేస్తారు. మీ కోర్సులో చాలామంది ఆన్‌లైన్ విద్యార్థులే కావచ్చు. వాళ్లు పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి పాఠాలు వింటారు. కోర్సులో చేరిన అందరూ సభ్యులే అని పై పేజీలో రాసి, కింద సగం కోరం పెడితే, 120 మంది జాబితాకి 60 మంది రావాలి. ఎప్పటికీ రారు. ఎన్నిక చెల్లదు. కోరం తగ్గించుకుందామన్నా, ఆ సవరణకి కూడా అదే కోరం కావాలి. అలా ఇరుక్కుపోయిన చాప్టర్లు ఉన్నాయి. కోరం "ఆఫీస్ బేరర్లలో మెజారిటీ, మరో ఇద్దరు సభ్యులు" అని పెట్టండి. ఆన్‌లైన్ హాజరు, ఆన్‌లైన్ ఓటు చెల్లుతాయని స్పష్టంగా రాయండి. సభ్యత్వం అందరికీ తెరిచి ఉంటుందనే వాక్యం యూనివర్సిటీ ఎలాగూ అడుగుతుంది.

ఇక డబ్బు.

మన ఊళ్లల్లో చవితి పందిరికి చందా అంటే నమ్మకమున్న ఒకరి ఫోన్‌పేకి కొట్టేస్తాం, ఆయన నిమజ్జనం అయ్యాక లెక్క చెబుతాడు. అక్కడ అది నడుస్తుంది. ఇక్కడ మీరు ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నారు. పదిహేను మంది మీ ఖాతాకి తలా పన్నెండు డాలర్లు "టీషర్ట్" అని రాసి పంపారనుకోండి. ఆ స్టేట్‌మెంట్ చూసేవాళ్లకి చాప్టర్ కనపడదు, టీషర్టులు అమ్ముతున్న విద్యార్థి కనపడతాడు. ఎఫ్-1 మీద సొంత వ్యాపారం అనుమతి లేని ఉద్యోగం కిందకి వస్తుంది. అది కాదని రుజువు చేసుకునే భారం మీ నెత్తిన పడుతుంది. చెల్లింపు యాప్‌లో అమ్మకాల ఖాతా తెరిస్తే మీ పేరున 1099-కె (యాప్ ద్వారా మీకు అందిన డబ్బు లెక్కను పన్నుల శాఖకి తెలిపే ఫారం) వచ్చే వీలుంది. అది మీ ఆదాయం కాదని మీ పన్ను రిటర్ను 1040-ఎన్ఆర్ వేసేటప్పుడు మీరే చూపాలి. ఏఎల్ఏకి ఉన్న పన్ను మినహాయింపు మీ సొంత ఖాతాకి అంటదు.

"ఈఐఎన్ (సంఘాలకి, సంస్థలకి ఇచ్చే పన్ను నంబరు) తీసుకుని బయట బ్యాంకులో ఖాతా తెరవండి" అని చెప్పే సీనియర్లు ఉంటారు. వద్దు. దానికి పెట్టే ఎస్ఎస్-4 ఫారం బాధ్యత వహించే మనిషి పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతుంది. క్యాంపస్ ఉద్యోగం లేని ఎఫ్-1 విద్యార్థికి మామూలుగా ఆ నంబరే ఉండదు. ఉన్నవాళ్లు ఇస్తే, చదువు ముగించి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాక కూడా ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఉత్తరాలు వాళ్ల పేరునే వస్తాయి. బాధ్యుడు మారితే 60 రోజుల్లో 8822-బి ఫారం పంపాలి. పరీక్షలు, గ్రాడ్యుయేషన్ హడావుడిలో దాన్ని గుర్తుపెట్టుకుని పంపేది ఎవరు? యూనివర్సిటీ లోపలే సంఘాలకి ఖాతా ఇస్తారు. ఆలస్యం అవుతుంది, ప్రతి ఖర్చుకీ ఫారం నింపాలి, విసుగొస్తుంది. అయినా అదే వాడండి.

ఆ ఖాతా నుంచి డబ్బు రావాలంటే రసీదు కావాలి, అదీ వస్తువుల పేర్లున్న రసీదు. పిజ్జా కొట్లో కార్డు గీకాక ఇచ్చే చిన్న చీటీ మీద మొత్తం మాత్రమే ఉంటుంది. దాన్ని పట్టుకెళితే తిప్పి పంపేస్తారు. ఎన్ని పిజ్జాలు, ఏ తేదీ, పన్ను ఎంత అని ఉన్న రెండో చీటీ అడిగి తీసుకోండి. ఆ కాగితం మీద అచ్చు నెలల్లో వెలిసిపోతుంది, అక్కడే నిలబడి ఫోటో తీసుకోండి. యూనివర్సిటీకి అమ్మకపు పన్ను మినహాయింపు ఉంటే ఆ కాగితం ముందే తీసుకెళ్లాలి. కట్టేసిన పన్నును చాలాచోట్ల తిరిగి ఇవ్వరు.

నిధుల కోసం మన వంటలు అమ్ముదామనిపిస్తుంది. ఆత్రేయపురం పూతరేకులంటే ఇక్కడా ఎగబడతారు, నిజమే. కానీ ఇంట్లో వండినవి క్యాంపస్‌లో అమ్మడాన్ని చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ముందు అనుమతి తీసుకోండి, వచ్చిన నగదు ఆ రోజే ఖాతాలో జమ చేయించండి.

వక్తలకి పారితోషికం విషయం కూడా. మన తెలుగువాళ్లలో ఇక్కడ లైబ్రేరియన్‌గా హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారిని పిలిస్తే గౌరవంగా వంద డాలర్లు ఇద్దామనుకుంటారు. వాళ్ల వీసా వాళ్ల యజమాని దగ్గర పని వరకే, మీ వంద వాళ్లకి ఇబ్బంది తెస్తుంది. కృతజ్ఞతా పత్రం ఇవ్వండి, చాలు. మీరు కూడా అంతే. సమావేశాల్లో పని చేస్తే బదులుగా రిజిస్ట్రేషన్, బస, భోజనం ఖర్చు ఇస్తామనే అవకాశాలు వస్తే, సంతకం పెట్టేముందు మీ డీఎస్ఓని (ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ వీసా సంగతులు చూసే అధికారి) మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. నోటిమాట వద్దు.

చాప్టర్లు చచ్చిపోయేది ఎండాకాలం సెలవుల్లో. మాస్టర్స్ రెండేళ్లే కదా, మే నెలలో అధ్యక్షుడు పట్టా పుచ్చుకుంటాడు, ఆగస్టులో కొత్తవాళ్లకి పాస్‌వర్డ్ దొరకదు. ఎన్నికలు మార్చిలో పెట్టండి, ఏప్రిల్ అంతా పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి పనిచెయ్యాలి. నియమావళి, మినిట్స్, జమాఖర్చులు సంఘం మెయిల్ కింద ఉండాలి. మీ విద్యార్థి మెయిల్ కింద పెడితే చదువయ్యాక అది మూసుకుపోతుంది, కాగితాలన్నీ దాంతోపాటే పోతాయి. కొత్త ఆఫీస్ బేరర్ల పేర్లు యూనివర్సిటీకీ ఏఎల్ఏకీ రెండింటికీ పంపండి. ఒకదానికే పంపి ఊరుకోవడం మామూలైపోయింది.

ఇంత చదివి భయపడి మానేస్తారేమో, మానకండి. జీతం లేకుండా ఆఫీస్ బేరర్‌గా చేసే పని, ఎఫ్-1 మీద క్యాంపస్ ఉద్యోగానికి వారానికి ఉన్న 20 గంటల లెక్కలోకి రాదు. వీసాకి దానివల్ల చిక్కు లేదు. చాప్టర్ పెట్టడానికి మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారంతటి వాళ్లు కానక్కర్లేదు. ఆయన పాతికేళ్లు నిండకుండానే 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఊపిరి పోశారు. మీరు చెయ్యాల్సింది సెమిస్టర్‌కి రెండు కార్యక్రమాలు. నలుగురు ఆఫీస్ బేరర్లు చాలు. మొదటి సమావేశానికి ఆరుగురు వస్తే బాగా వచ్చినట్టే, మిగతావాళ్లకి రికార్డింగ్ పంపండి.

మొదటి కార్యక్రమంగా ఫిబ్రవరిలో రెజ్యూమే, కవర్ లెటర్ చూపించుకునే సాయంత్రం పెట్టండి. యూనివర్సిటీ లైబ్రరీల్లో ఒక ఉద్యోగం భర్తీ కావడానికి నెలలు పడుతుంది, మేలో చదువయ్యేవాళ్లు అప్పటికే దరఖాస్తులు పెడుతూ ఉండాలి. లైబ్రరీలో పనిచేసేవారు ఇద్దరిని జూమ్‌లో కూర్చోబెట్టండి, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఆ సాయంత్రమే అందరినీ ఐ-20 (యూనివర్సిటీ మీకిచ్చిన వీసా పత్రం) తీసి సీఐపీ కోడ్, అంటే మీ కోర్సు ఏ రకమో చెప్పే నంబరు, చూసుకోమనండి. 11.0401 ఉంటే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సులు) కింద ఓపీటీకి, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతికి, ఇంకో 24 నెలల పొడిగింపు అడగొచ్చు. 25.0101 అయితే 12 నెలలే, ఉద్యోగ వేట ఆ లెక్కతో మొదలుపెట్టుకోవాలి.