కారు చక్రం నట్లు వదులవడం: టిక్ టిక్ శబ్దం నుంచి స్టడ్ విరిగేదాకా

తిరుపతిలో ఒక సాయంత్రం కారు టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ కాణిపాకం బయలుదేరాం. చంద్రగిరి దాటాక ఎడమవైపు వెనక నుంచి టిక్, టిక్ అని వినబడింది. టైరు గాళ్ళలో రాయి ఇరుక్కుందనుకుని పోనిచ్చాను. ఇంకో పది కిలోమీటర్లకు ఆ టిక్ కాస్తా టక్‌గా మారింది. బ్రేకు తొక్కితే వెనక ఏదో పక్కకు కదిలినట్టు అనిపించింది. ఆపి చూస్తే నాలుగు నట్లలో రెండు చేత్తోనే తిరిగాయి. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వేగం ఇంకాస్త ఎక్కువుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటి నుంచి కారున్న ప్రతి వాళ్ళకూ ఈ సంగతి వివరంగా చెబుతున్నాను.

ముందు, ఆ శబ్దం దేనిదో తేల్చుకోవడం

చక్రం వదులైతే శబ్దం తక్కువ వేగంలోనే మొదలవుతుంది. 20, 30 వేగంలో కిటికీ దించి గోడ పక్కగా పోతే బాగా వినబడుతుంది. చక్రం తిరిగే వేగాన్ని బట్టి టిక్ టిక్ కూడా వేగం పుంజుకుంటుంది. రాయి ఇరుక్కున్నా ఇలాగే ఉంటుంది. కాకపోతే రాయి శబ్దం రోజంతా ఒకేలా ఉంటుంది, నట్ల శబ్దం కిలోమీటరు కిలోమీటరుకూ ముదురుతుంది. మలుపు తిప్పినప్పుడు, బ్రేకు వేసినప్పుడు మారుతుంది.

స్టీరింగ్ వణుకు విషయంలోనే చాలామంది పొరపడతారు. 80, 100 మధ్య మాత్రమే వణికి, వేగం తగ్గించగానే ఆగిపోతే అది బాలెన్సింగ్ లోపం, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా లేకపోవడం. ముందు చక్రం నట్లు వదులైతే 40లో కూడా స్టీరింగ్ ఊగుతుంది. బేరింగ్ పోతే టిక్ టిక్ ఉండదు, గూ... అని ఒకే రొద వస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే టకటకమంటే ముందు యాక్సిల్ జాయింట్ అరిగిందని అనుమానించాలి.

ఏదీ తేలకపోతే తర్కం పెట్టుకోవద్దు. చదునైన చోట ఆపి, పానాతో నాలుగు చక్రాలూ ఒకసారి చూడండి. అయిదు నిమిషాల పని. నట్టు చుట్టూ ఎర్రగా తుప్పు కారిన గీతలున్నా, రంగు లేచి మెరిసే రాపిడి గుర్తులున్నా, అల్లాయ్ (అల్యూమినియం) రిమ్ముపై నట్టు రంధ్రాల దగ్గర నల్లటి పొడి కనబడినా ఆ చక్రం కదులుతోందని అర్థం.

నట్టు నిజంగా చేసే పని

బండి బరువును నాలుగైదు స్టడ్లు, అంటే నట్లు ఎక్కే మరల కడ్డీలు, మేకుల్లా మోస్తాయని నేనూ అనుకునేవాణ్ణి. అది తప్పు. నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరులా కొంచెం సాగి, రిమ్మును హబ్బుకేసి (చక్రం బిగించే, తిరిగే ఇనుప దిమ్మ) గట్టిగా నొక్కి పడుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌ను 100 న్యూటన్ మీటర్లకు (నట్టును తిప్పే బలానికి కొలత ఇది) బిగిస్తే దాని నొక్కుడు సుమారు 4 టన్నులు. ఆ నొక్కుడు వల్ల రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడే బ్రేకు దెబ్బలనూ, గుంతల కుదుపులనూ తట్టుకుంటుంది. రిమ్ము జారనంతవరకు స్టడ్‌కు వంగే పనే పడదు.

ఆ సాగడం చాలా చిన్నది, మిల్లీమీటరులో పదో వంతు లెక్కన ఉంటుంది. అందుకే హబ్బుకూ రిమ్ముకూ మధ్య మట్టి, తుప్పు పొర, కొత్తగా వేసిన మందపాటి రంగు ఉంటే ప్రమాదం. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది. నాలుగు గుంతలు తగిలాక ఆ పొర నలిగి కాస్త పలచబడుతుంది. అంత చిన్న తేడాకే స్టడ్ సాగుడులో పెద్ద భాగం పోతుంది. నా కారుకు జరిగింది ఇదే. హబ్బు మీద ఎండిన మట్టిని తుడవకుండానే రిమ్ము ఎక్కించేశారు.

మిగతా కారణాలు

రెండో పెద్ద కారణం షాపుల్లో నట్లు బిగించే గాలి గన్. గర్‌ర్‌మని రెండు క్షణాలు కొట్టి వదిలేస్తారు. ఒక నట్టుకు 60 పడిందో, ఇంకోదానికి 250 పడిందో చేతికి తెలియదు. ఎక్కువైతే స్టడ్ తిరిగి రానంతగా సాగిపోయి పట్టు కోల్పోతుంది. గట్టిగా బిగిస్తే మంచిదే కదా అనే మాట ఇక్కడ పనికిరాదు. పానా మీద ఎక్కి నిలబడేవాళ్ళను పంక్చర్ షాపుల దగ్గర రోజూ చూస్తాం. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే సుమారు 206 న్యూటన్ మీటర్లు పడుతుంది. చాలా టొయోటా కార్లకు కావలసింది 103, చాలా హోండాలకు 108, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. మీ కారు లెక్క మాన్యువల్లో ఉంటుంది.

మూడోది అల్లాయ్ రిమ్ములు మార్చినవాళ్ళకు. నట్టు కూర్చునే చోటు ఆకారం అన్ని కార్లకూ ఒకటి కాదు. కొన్నింటికి గరాటులా ఏటవాలుగా ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, హోండాల ఒరిజినల్ రిమ్ములకు బంతిలా గుండ్రంగా ఉంటుంది. చాలా టొయోటా కంపెనీ అల్లాయ్‌లకు వాషరుతో చదునుగా కూర్చునే నట్లు వస్తాయి. గుండ్రటి గూటిలో ఏటవాలు నట్టు పెడితే సన్నటి అంచు మీదే ఆనుతుంది, అది నలగగానే వదులవుతుంది. కొత్త అల్లాయ్ కొంటుంటే నట్లు దానికి తగినవేనా అని తప్పకుండా అడగండి.

మరలకు గ్రీజు రాయడం కూడా మానండి. బిగించే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, పదో వంతే స్టడ్‌ను సాగదీస్తుంది. గ్రీజు ఆ లెక్కను తారుమారు చేస్తుంది. అదే బిగింపుకు స్టడ్ మీద లాగుడు బాగా పెరిగి మర తెగవచ్చు.

అలాగే నడిపితే

ఒక నట్టు వదులైతే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. రిమ్ము కదలడం మొదలై రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. స్టడ్ మరలు రిమ్ముకు రాసుకుని చదునవుతాయి. ఇప్పటిదాకా లాగుడు మాత్రమే తెలిసిన స్టడ్ ప్రతి చుట్టుకూ అటూ ఇటూ వంగి, తీగను పదేపదే వంచితే తెగినట్టు పుటుక్కున విరుగుతుంది. ఒకటి విరిగాక మిగతావి ఎక్కువసేపు ఆగవు.

దారిలో బయటపడితే

మెల్లగా ఎడమకు తీసి ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం వెనక దూరంగా పెట్టి, అందరినీ దింపండి. రంధ్రాలు గుండ్రంగానే ఉండి, స్టడ్లన్నీ బాగుంటే జాకీ ఎత్తి, నట్లన్నీ వదులు చేసి, రిమ్మును హబ్బుకు సరిగ్గా ఆనించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. జాకీ దించాక చివరి బిగింపు. టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో కొలిచి చూపే పానా) లేకపోతే 30 సెంటీమీటర్ల పానా చివర 35 కిలోల బలంతో తోస్తే సుమారు 103 అవుతుంది. తర్వాత నిదానంగా దగ్గరి షాపుకు వెళ్ళండి.

రంధ్రం సాగినా, ఒక్క స్టడ్ విరిగినా నడపవద్దు. స్టెప్నీ వేసినా వంగిన స్టడ్లు బాగుపడవు. నేను ఇంటివాళ్ళను వేరే బండిలో పంపి, కారును రికవరీ బండి మీద తిరుపతికి తెప్పించాను. ఆ చక్రానికి రిమ్ము, స్టడ్లు, నట్లు అన్నీ మార్చాం. సాగిన రంధ్రానికి వెల్డింగ్ పెట్టిస్తామంటే ఒప్పుకోకండి.

షాపులో, ఆ తర్వాత

చక్రం విప్పినప్పుడల్లా హబ్బు ముఖం, రిమ్ము వెనక ముఖం వైర్ బ్రష్‌తో రుద్దించండి. గన్ను నట్టు ఎక్కించడం వరకే, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో జరగాలి. ‘ఏం కాదులే అన్నా, వెళ్ళిరా’ అంటారు. అయినా పక్కన నిలబడి అడగండి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగింపు చూడాలి. దాదాపు అందరూ ఎగ్గొట్టేది ఇదే. ముఖ్యంగా పంక్చర్ వేయించుకుని నేరుగా అలిపిరి దాటి కొండెక్కేవాళ్ళు ఎక్కేముందు ఒకసారి నట్లు చూసుకోండి. ఎక్కి దిగితే సుమారు 35 కిలోమీటర్లు, దారంతా మలుపులే. దిగాక కూడా చూడాలి గాని వేడి మీద కాదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు, హబ్బు బాగా కాగుతాయి. అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి వేడిగా ఉన్నప్పుడు బిగించిన అల్లాయ్ చల్లారాక ఆ మేరకు వదులవుతుంది. చేయి పెట్టగలిగేంత చల్లారనివ్వండి.

నేను ఇప్పుడు చక్రం బిగించిన ప్రతిసారీ నట్టు మీది నుంచి రిమ్ము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాను. నట్టు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది. పొద్దున కారు తీసేముందు వంగి చూస్తే చాలు, కనబడిపోతుంది.