గుణదల మాతకు మొక్కు చెల్లించేవారికి

విజయవాడలోని గుణదల మాత తిరునాళ్లు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. అసలు పండుగ 11న. 1858లో అదే తేదీన, ఫ్రాన్సులోని లూర్దులో పుల్లలు ఏరడానికి వెళ్లిన పద్నాలుగేళ్ల బెర్నదెత్తకు మసబియేల్ గుహలో మరియమాత మొదటిసారి దర్శనమిచ్చింది. జూలై 16 నాటికి మొత్తం 18 దర్శనాలు. ఆ లూర్దుమాత స్వరూపాన్ని 1920ల్లో గుణదల కొండ మీద నిలిపినవారు ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి. తెల్లని వస్త్రం, నీలి దట్టీ, చేతిలో జపమాల, పాదాల మీద పసుపు గులాబీలు: బెర్నదెత్త చెప్పిన గుర్తులివే.

నవదిన ప్రార్థనలు ఫిబ్రవరి 2న మొదలుపెడితే 10తో ముగుస్తాయి. ఒక్కరోజు ఆలస్యమైతే తొమ్మిదోనాటి జపం 11వ తేదీ అసలు పండుగ రద్దీలో పడి సగంలో ఆగిపోతుంది. 2వ తేదీ గుడిలో కొవ్వొత్తులను ఆశీర్వదిస్తారు, మొక్కు కొవ్వొత్తులు ఆరోజే తీసుకెళ్లండి. జపమాలలో ఐదు దేవరహస్యాలు, అంటే ఐదు భాగాలు. ఒక్కోదానికి ఒక పరలోక జపం, పది మంగళవార్తలు, ఒక త్రిత్వ స్తోత్రం. తొందరపడకుండా చెబితే ఇరవై నిమిషాలు.

పసిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే 9వ తేదీ తెల్లవారుజామునే రావడం మేలు. 10 సాయంత్రం నుంచి ఏలూరు రోడ్డంతా జనమే. బండ్లను దూరంగానే ఆపేస్తారు, నడక తప్పదు.

ముందు తలనీలాలు, తర్వాత స్నానం, ఆపైన కొండ. ఈ వరస తప్పితే మెట్లు రెండుసార్లు ఎక్కాలి. గుండు చేసే ముందు తల బాగా తడపాలి, పొడిజుట్టు మీద కత్తి లాగితే గాట్లు పడతాయి. పుట్టువెంట్రుకలైతే మరీ జాగ్రత్త. మీ కళ్లముందే కొత్త బ్లేడు వేయించండి.

కొవ్వొత్తి లావుగా, పొట్టిగా ఉండాలి. సన్నవి ఎండకు వంగిపోతాయి, గాలికి కరిగి ఒకవైపే కారతాయి. కొండ మీద మాత గుహ దగ్గర పెట్టేచోటే వెలిగించండి. వెలిగించి జనంలో నడిస్తే ముందున్నవాళ్ల పమిట అంటుకుంటుంది. కొబ్బరికాయ పీచు ఇంట్లోనే తీసి, పిలక ఉంచి తెచ్చుకోండి. ఓపికుంటే పైన సిలువదాకా వెళ్లవచ్చు, మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు.

దివ్యబలి పూజకు ఏ మతంవారైనా నిలబడవచ్చు. హిందువులు ఎందరో వస్తారు, అదే ఈ కొండ గొప్పతనం. పూజలో పంచే దివ్యసత్ప్రసాదం (ఆశీర్వదించిన అప్పం) మాత్రం మొదటి సత్ప్రసాదం తీసుకున్న కతోలికులకే. వాళ్లు గంట ముందునుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు, మందులకు అడ్డులేదు.

ఫిబ్రవరి 11ను రెండవ జాన్ పాల్ పోపు 1992లో ప్రపంచ రోగుల దినంగా ప్రకటించారు. అందుకే జబ్బుపడినవాళ్లను చాలామంది తీసుకొస్తారు. వాళ్లను కొండెక్కించవద్దు. కింద పూజలో కూర్చోబెట్టి, అభ్యంగనం (రోగులకు నూనె పూసి చేసే ప్రార్థన) కావాలంటే పూజకు ముందే ఫాదర్ గారిని అడగండి.