ఫెంటానిల్ ప్యాచ్ అంటించే ముందు

ఫెంటానిల్ ప్యాచ్ అంటే తీవ్రమైన నొప్పికి చర్మం మీద అంటించే, చాలా బలమైన మందున్న పట్టీ. పాత ప్యాచ్ తీశారా? వీపు మీదది మరిచిపోయి కొత్తది వేస్తే మందు మోతాదు మించిపోతుంది. అంటించిన తేదీ, గంట క్యాలెండర్ మీద రాయండి. సాధారణంగా 72 గంటలకు మార్చాలి.

నొప్పి ఉన్నచోటే వేయక్కర్లేదు. ఛాతీ, వీపు, జబ్బ, ఏదైనా సరే, ప్రతిసారీ చోటు మార్చండి. వెంట్రుకలుంటే కత్తిరించండి, గీయొద్దు. వట్టి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక అంటించి, అరచేత్తో 30 సెకన్లు నొక్కిపట్టండి. సబ్బు, కొబ్బరినూనె వద్దు. ప్యాచ్‌ను కత్తిరించొద్దు.

అన్నిటికన్నా భయపడాల్సింది వేడికి. వేడినీళ్ల సంచి, కాపడం, మండుటెండ, జ్వరం: వీటితో మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. జ్వరమొస్తే డాక్టరుకు ఫోన్ చేయండి.

మొదటి ప్యాచ్ పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. నొప్పి తగ్గలేదని రెండోది అంటించకండి. మద్యం వద్దు, డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలూ వద్దు.

లేపినా లేవని మత్తు, నెమ్మదించిన ఊపిరి కనిపిస్తే ప్యాచ్ పీకేసి వెంటనే 108కి ఫోన్ చేయండి. తీసేశాక కూడా మందు గంటల తరబడి ఒంట్లో ఉంటుంది.

వాడేసినదాంట్లోనూ పసిపిల్లల ప్రాణం తీసేంత మందు మిగులుతుంది. జిగురు వైపు లోపలికి మడిచి, తాళంవేసి ఉంచి, ఆసుపత్రిలో అప్పగించండి.