సుంకం వార్త విన్నాక, సరుకు అమ్మేముందు కట్టాల్సిన లెక్క

వాషింగ్టన్‌లో సుంకం పెంచితే ఆదోని యార్డులో పత్తి ధర ఎందుకు కదులుతుంది? 2025 ఆగస్టును గుర్తు చేసుకుంటే దారి మొత్తం కనిపిస్తుంది. మన దేశం సరుకు మీద అమెరికా ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి మరో 25 శాతం సుంకం వేసింది. దెబ్బ తగిలింది తిరుప్పూరు లాంటి చోట్ల బట్టలు కుట్టి ఎగుమతి చేసేవాళ్లకు. వాళ్లకు ముడిసరుకైనా చవగ్గా దొరకాలని కేంద్రం ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు కొత్త పత్తి యార్డుకు దిగే నెలలు సరిగ్గా ఆ గడువులోనే పడ్డాయి.

అందుకే విదేశీ వార్త వినగానే మొదట చూడాల్సింది దానికి ఢిల్లీ ఏం జవాబు చెప్పిందో, ఆ ఉత్తర్వు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో. ఆ తర్వాత కాగితం, పెన్ను తీసుకుని లెక్కలో కూర్చోవాలి.

పత్తి లెక్క

మూడు అంకెలు కావాలి: ప్రపంచ ధర, రూపాయి మారకం, దిగుమతి సుంకం. పత్తికి ప్రపంచ ధర అంటే న్యూయార్క్ ఐసీఈ ఎక్స్ఛేంజీలో నడిచే ఫ్యూచర్స్ ధర, అంటే రాబోయే నెలల సరుకుకు ముందే కుదిరే ధర. అది పౌనుకు ఇన్ని సెంట్లు అని ఉంటుంది. దాన్ని 2.2046తో గుణిస్తే కిలోకు సెంట్లు వస్తాయి.

ఉదాహరణకు ఐసీఈలో 68 సెంట్లు, డాలరు 88 రూపాయలు అనుకుందాం. 68ని 2.2046తో గుణిస్తే దాదాపు 150 సెంట్లు, అంటే డాలరున్నర. రూపాయల్లో కిలో దూది 132. దీని మీద 11 శాతం సుంకం పడితే 146.50 అవుతుంది. తేడా కిలోకు 14.50. ఓడ కిరాయి, బీమా, రేవు ఖర్చులు ఇందులో కలపలేదు. అవి సుంకం ఉన్నా లేకున్నా ఉండేవే.

ఇక యార్డుకు రండి. క్వింటా పత్తిని జిన్నింగ్ చేస్తే, అంటే గింజ వేరు చేస్తే, సుమారు 34 కిలోల దూది వస్తుంది, మిగతాది గింజలు, కొంత తరుగు. 34ను 14.50తో గుణిస్తే 493. అంటే సుంకం పూర్తిగా ఎత్తేస్తే క్వింటా మీద పడగలిగే ఒత్తిడి గరిష్ఠంగా 490 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. మిల్లువాళ్లు క్యాండీ లెక్కలో మాట్లాడితే కంగారు పడక్కర్లేదు. క్యాండీ అంటే 356 కిలోల దూది, దానికి పదిన్నర క్వింటాళ్ల పత్తి కావాలి.

గరిష్ఠం అన్న మాటను గట్టిగా పట్టుకోండి. సుంకం ఎత్తేసిన రోజే మొత్తం తేడా యార్డు ధరలో కనబడదు. బయటి పత్తి కొని, ఓడెక్కించి, రేవులో దించేసరికి వారాలు పడుతుంది. మిల్లులు కొనడం తగ్గించి, దిగుమతి సరుకు కోసం ఎదురు చూస్తాయి, ధర అలా మెల్లగా జారుతుంది. ‘సుంకం పోయింది, ఐదువందలు తగ్గిపోయింది’ అని ఎవరైనా మొదటి రోజే ధర కోసి అడిగితే, ఈ లెక్క చూపించి బేరమాడవచ్చు.

క్వింటా ధరలో రెండో భాగం గింజలు. కాటన్ సీడ్ ఆయిల్ వంటనూనెల ధరతో నడుస్తుంది కాబట్టి పామాయిల్ సుంకం మారినా పత్తి ధరలో కొంత కదలిక వస్తుంది. దూది పడిపోతున్నా గింజ నిలబడితే నష్టం కొంత తీరుతుంది. చాలామంది ఈ సగం లెక్కను వదిలేస్తారు.

కింది గట్టు మద్దతు ధర. 2025-26కు మధ్యరకం పింజకు 7,710, పొడవు పింజకు 8,110 రూపాయలు. కానీ మద్దతు ధరకు కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో తేమ 8 శాతం దాటిన కొద్దీ ధరలో కోత, 12 దాటితే కొనుగోలే లేదు. పైగా కపాస్ కిసాన్ యాప్‌లో ముందే నమోదై ఉండాలి. సుంకం పోయిన ఏడాదిలో అమెరికా వార్తలు వినడం కన్నా పత్తిని రెండు ఎండలు ఆరబెట్టడం ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. వానలో తడిసిన పత్తికి మద్దతు ధర కాగితం మీదే ఉంటుంది.

సుంకం శాతం ఎక్కడ తప్పుతుంది

పేపర్లో ఒకచోట 5 శాతం అని, ఇంకోచోట 11 శాతం అని చూసి తికమక పడతారు. రెండూ నిజమే. మూల సుంకానికి వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు కలిపి, ఆ మొత్తం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ వేయాలి. పత్తికి 5కు 5 కలిపితే 10, దాని మీద 1, మొత్తం 11.

ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలకూ ఇదే సూత్రం. 2024 సెప్టెంబరులో మూల సుంకాన్ని సున్నా నుంచి 20కి పెంచారు. 5 సెస్సు కలిపి 25, సర్‌చార్జీతో 27.5. 2025 మే చివర్లో మూల సుంకం 10కి దించితే మొత్తం 16.5కు వచ్చింది. వార్తలో ‘10 శాతం తగ్గింపు’ అన్నా, దిగుమతిదారుకు తగ్గింది 11.

అనంతపురం వేరుశనగకు దీన్ని అలాగే అంటించకూడదు. టన్ను పామాయిల్ వెయ్యి డాలర్లు, డాలరు 85 అనుకుంటే ఆ మార్పు కిలోకు 9 రూపాయల పైచిలుకు తేడా తెస్తుంది. పల్లీ నూనె అంతగా దిగదు, ఎందుకంటే దాన్ని కొనేవాళ్లు రుచి కోసం కొంటారు. హోటళ్లు, మిక్చర్ తయారీదార్లు మాత్రం వెంటనే చవక నూనెకు మారతారు.

వేరుశనగకు అసలు గండం వేరేచోట ఉంది. 2025 సెప్టెంబరులో ఇండోనేసియా అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) కారణం చూపి మన పల్లీ దిగుమతిని నిలిపేసింది. సుంకం మాటే లేదు, అయినా పెద్ద కొనుగోలుదారు ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాడు. ఇలాంటి అడ్డంకిని సుంకం పట్టికలో వెతికితే దొరకదు. బుడ్డలు పీకాక కుప్పలో తడి ఉండకుండా, తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, పగిలినవీ బూజు పట్టినవీ ఏరేస్తేనే ఎగుమతి వ్యాపారి ముందు నిలబడగలం.

ఉల్లి: ఉత్తర్వు ఒక్కటే చాలదు

ఉల్లి మీద 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం, 2024 మేలో సడలింపు, సెప్టెంబరులో సుంకం 20కి, 2025 ఏప్రిల్ 1 నుంచి సున్నా. దిగుమతి సుంకం పోతే ధర తగ్గుతుంది, ఎగుమతి సుంకం పోతే పెరగాలి. కానీ అదే 2025లో ఆగస్టు, సెప్టెంబరుల్లో కర్నూలు మార్కెట్లో ధర కుప్పకూలి, రాష్ట్ర ప్రభుత్వం క్వింటా 1,200కు కొనాల్సి వచ్చింది. నాసిక్ యాసంగి ఉల్లి నిల్వకు ఆగుతుంది, మన ఖరీఫ్ గడ్డ ఆగదు. గోదాముల్లో పాత సరుకు నిండా ఉన్నప్పుడు ఎగుమతి గేటు తెరిచినా ముందు వెళ్లేది ఆ పాతదే. కాబట్టి నాటే ముందు మహారాష్ట్ర నిల్వలు ఎంత ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

బంగారం, యుద్ధం

ప్రొద్దుటూరులో నగ కొనే ముందు బోర్డు మీది ధర సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఔన్సు అంటే 31.1035 గ్రాములు. ఔన్సు 3,000 డాలర్లు, డాలరు 86 రూపాయలు అయితే పది గ్రాములకు 964.50 డాలర్లు, అంటే దాదాపు 82,950 రూపాయలు. దాని మీద 2024 జులై బడ్జెట్‌లో 15 నుంచి తగ్గించిన 6 శాతం సుంకం కలిపితే 87,900 పైన. మూడు శాతం జీఎస్టీతో 90,560. ఇది 24 క్యారెట్లకు. 22 క్యారెట్లకు సుంకం కలిపిన ధరను 0.916తో గుణించి, ఆపైన తరుగు, మజూరీ, జీఎస్టీ వేయాలి. కొనే రోజు సుంకం ఎంతుందో మాత్రం తప్పక సరిచూసుకోండి. 2024లో సుంకం తగ్గిన రోజు పాత సరుకు చేతిలో ఉన్న వ్యాపారులకు ఒక్క రాత్రిలో విలువ పడిపోయింది. కాబట్టి బడ్జెట్‌కు వారం ముందు పెళ్లి నగల కోసం మొత్తం సొమ్ము పెట్టేయకండి; సగం ముందు, సగం తర్వాత కొనండి.

యుద్ధం వార్తకు బంగారం, ముడిచమురు రెండూ ఎగురుతాయి, కానీ నిలబడేది అన్నిసార్లూ ఒకలా ఉండదు. 2025 జూన్ 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడి మొదలైనప్పుడు చమురు పెరిగింది, 24న కాల్పుల విరమణ వచ్చాక తిరిగి దిగింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత పొద్దుతిరుగుడు నూనె ధర నెలల తరబడి దిగలేదు, ఎందుకంటే అక్కడ ఓడరేవులే మూతపడ్డాయి. సరుకు దారి నిజంగా ఆగిందా, ఆగుతుందన్న భయం మాత్రమేనా అని చూడండి. భయం రోజుల్లో తీరుతుంది, ఆగిన దారి నెలలు తీసుకుంటుంది.

షేర్లలో సిప్ (నెలనెలా కొంత పెట్టుబడి) కట్టేవాళ్లకు ఉదాహరణగా 2025 ఏప్రిల్ 7 చాలు. అమెరికా సుంకాల భయంతో సెన్సెక్స్ ఆ ఒక్క రోజు 2,226 పాయింట్లు పడింది. 9న చైనాను మినహాయించి ఆ సుంకాలకు అమెరికా 90 రోజుల విరామం ప్రకటించగానే మార్కెట్లు తేరుకున్నాయి. పడిన రోజు అమ్మినవాళ్లు ఆ తేరుకోవడాన్ని పోగొట్టుకున్నారు. మూడేళ్లలోపు కావాల్సిన ఫీజుల డబ్బు, పెళ్లి డబ్బు షేర్లలో లేకుండా చూసుకుంటే అలాంటి రోజున అమ్మాల్సిన అవసరం రాదు.

తాడిపత్రి నుంచి ముంబై రేవుకు, అక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్లే అరటికి ఓడ దారే ప్రాణం. ఎర్ర సముద్రంలో 2023 నవంబరు నుంచి దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పది పదిహేను రోజులు అదనంగా తీసుకున్నాయి. కంటైనర్ల కొరత, కిరాయి పెరుగుదల మిగతా దారులకూ పాకాయి. అరటికి పది రోజులంటే సరుకు పోయినట్టే. అందుకే గెల కోయకముందే వ్యాపారితో రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఓడ ఆలస్యమైతే నష్టం ఎవరిది, కిరాయి లేదా యుద్ధ బీమా పెరిగితే అది టన్ను ధరలోంచి కోస్తారా, కోయరా.