పేదరికం మీద పోరుకు మీ వెయ్యి రూపాయలు: ఎవరికి అప్పుగా ఇవ్వాలి, ఎవరికి విరాళంగా ఇవ్వాలి?

నెలకు ఓ వెయ్యో రెండు వేలో పేదల కోసం తీసిపెట్టగల ఇళ్లు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. ఇవ్వాలనే మనసూ ఉంది. కానీ ఎలా ఇస్తున్నాం? హుండీలో కొంత, సిగ్నల్ దగ్గర కొంత, వాట్సాప్‌లో ఆస్పత్రి ఫొటోతో వచ్చిన మెసేజ్ చూసి మనసాగక ఓ ఐదొందలు. ఏడాది తిరిగేసరికి ఇచ్చింది తక్కువేమీ కాదు. దాంతో ఎవరి బతుకు ఎంత మారిందంటే మాత్రం చెప్పలేం. అదే డబ్బును కాస్త ఆలోచించి పెడితే ఒకరి వ్యాపారం నిలబడుతుంది, ఎక్కడో ఒక పసిబిడ్డ ప్రాణం నిలుస్తుంది. అందుకు ముందుగా ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. అప్పు చేసే పని వేరు, విరాళం చేసే పని వేరు. విరాళం ఇవ్వాల్సిన చోట అప్పు ఇస్తే మేలు జరక్కపోగా కీడు జరుగుతుంది.

1. ఎంత ఇవ్వగలరో ముందే తేల్చుకోండి

జీతం పడ్డ రోజే తీసి పక్కన పెట్టండి. నెలాఖరుకు మిగిలింది ఇద్దామనుకుంటే ఏమీ మిగలదు. ముస్లిం కుటుంబాలు జకాత్ కోసం ఏడాదికోసారి కూర్చుని లెక్క వేసి 2.5 శాతం తీస్తాయి. ఏ మతం వాళ్లమైనా ఆ పద్ధతి నేర్చుకోదగ్గది. శాతం మీ ఇష్టం, లెక్క మాత్రం ఉండాలి.

2. ఎదుటివాళ్లకు కావలసింది అప్పా, విరాళమా?

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే ఊళ్లో అర్థశాస్త్రం పాఠాలు చెప్పే ముహమ్మద్ యూనుస్ 42 మందికి తన జేబులోంచి మొత్తం 27 డాలర్లు అప్పుగా ఇచ్చారు. దాని నుంచే 1983లో గ్రామీణ్ బ్యాంక్ పుట్టింది. 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తాకట్టు లేకుండా పేద ఆడవాళ్లకు ఇచ్చిన అప్పు తిరిగి వస్తుందని లోకం నమ్మింది. ఆ ఊపులో, అప్పు దొరికితే చాలు పేదరికం పోతుందని కూడా నమ్మేసింది.

అది ఎంతవరకు నిజమో పరీక్షించింది మన హైదరాబాద్‌లోనే. స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ (పేదలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చేది) నగరంలో కొత్త శాఖలు తెరవబోతున్నప్పుడు, పరిశోధకులు 104 బస్తీలను తీసుకుని లాటరీ పద్ధతిలో 52 బస్తీలను ఎంపిక చేశారు. ముందు ఆ 52 చోట్లే అప్పులు ఇచ్చారు. తర్వాత రెండు రకాల బస్తీల్లోనూ ఇంటింటికీ తిరిగి తేడా ఏమిటో చూశారు. ఆ పరిశోధకుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. వాళ్లకే 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిపి అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అప్పు అందుబాటులోకి వచ్చిన బస్తీల్లో సగటు కుటుంబం రాబడీ తిండి ఖర్చూ పెద్దగా పెరగలేదు. పిల్లల చదువులో గానీ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని డబ్బు వృథా చేశారనీ కాదు. ఇంట్లోకి పనికొచ్చే సామాన్లు కొనుక్కున్నారు, తాగుడు, పొగాకు లాంటి ఖర్చులు తగ్గించుకున్నారు. అసలు లాభం కనిపించింది అప్పటికే వ్యాపారం చేస్తున్నవాళ్లలో, అందులోనూ బాగా నడుస్తున్నవాళ్లలో. బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో చేసిన ఇలాంటి అధ్యయనాలు కూడా దాదాపు ఇదే చెప్పాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇప్పటికే కూరగాయల బండో, కుట్టు మిషనో, పాల వ్యాపారమో నడుపుతూ, సరుకు ఎక్కువ తెచ్చుకుంటే ఎక్కువ అమ్ముకోగల మనిషికి అప్పు మంచిదే. జబ్బుకు, స్కూలు ఫీజుకు, ఇంటి అద్దెకు, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇప్పించకండి. అక్కడ కావలసింది విరాళమో, ప్రభుత్వ పథకమో.

చేతిలో ఏమీ లేని నిరుపేదల సంగతేమిటి? బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఒక దారి చూపించింది. అప్పుకు బదులు ఆవునో మేకలనో ఉచితంగా ఇచ్చి, కొన్ని నెలలు తిండి ఖర్చుకు కొంత ఇచ్చి, వాటిని ఎలా సాకాలో నేర్పి, వారం వారం వచ్చి చూసుకోవడం. పశ్చిమ బెంగాల్‌లో బంధన్ సంస్థ అలా చేయి పట్టుకుని నడిపించిన కుటుంబాలు పదేళ్ల తర్వాత కూడా మిగతావాళ్లకన్నా మెరుగ్గా ఉన్నాయని తేలింది. విరాళం అంటే పూట గడపడానికి ఇచ్చేదేనని అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి.

3. వడ్డీ నూటికి ఎంత పడుతుందో మీరే లెక్క కట్టండి

మా వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టే అక్క దగ్గర డైలీ ఫైనాన్స్ కార్డు ఉంటుంది. మడతల దగ్గర చినిగిన అట్ట, నూనె మరకలు, వంద గళ్లు. ఒక్కో గడిలో తేదీ, వసూలు కుర్రాడి పొట్టి సంతకం. కార్డు మీద రాసింది 10,000. ఆమె చేతికి వచ్చింది 9,000. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యే కదన్నా వడ్డీ" అంటుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి, ఆ 9,000 వంద రోజులూ ఆమె దగ్గర ఉండదు. ఏడాది లెక్కన చూస్తే వడ్డీ 75 శాతం దాటుతుంది. అంటే నెలకు నూటికి ఆరు రూపాయల పైనే.

మైక్రోఫైనాన్స్ వడ్డీ ఇంత ఉండదు. అయినా జాగ్రత్తగానే చూడాలి. పైన చెప్పిన బస్తీల్లో అప్పట్లో స్పందన ఇచ్చిన మొదటి అప్పు 10,000, గడువు 50 వారాలు, వడ్డీ 12 శాతం 'ఫ్లాట్'. వారానికి 224 రూపాయలు. వినడానికి నూటికి రూపాయి వడ్డీలా ఉంటుంది. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు కాబట్టి నిజానికి అది 24 శాతం, నూటికి రెండు రూపాయలు. ఎవరైనా 'ఫ్లాట్' అనగానే దాదాపు రెట్టింపు చేసుకుని చూడండి. చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఎన్నాళ్లలో కట్టాలి అన్న మూడు ప్రశ్నలు అడిగితే చాలు, లెక్క బయటపడుతుంది.

ఈ జాగ్రత్త ఎందుకో 2010 చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దేశంలో పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థలు కొన్ని హైదరాబాద్ కేంద్రంగానే పెరిగాయి. ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు పోటీ పడి అప్పులిచ్చాయి. వాయిదా కట్టలేనివాళ్ల ఇళ్ల ముందు వసూళ్ల గొడవలు, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఒక్కసారిగా పడిపోయి ఆ రంగమంతా కుదేలైంది.

2022 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంక్ కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ రుణం. ఆ ఇంటి అప్పులన్నిటి వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు. ఈ నాలుగు మాటలు మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, మీ వాచ్‌మన్‌కు చెప్పండి, అది కూడా సాయమే. సంస్థ నియమం తప్పితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించండి. పలక్కపోతే రిజర్వ్ బ్యాంక్ నంబర్ 14448 ఉంది.

4. అప్పు ఇవ్వాలనుకుంటే ఈ దారులు చూడండి

అందరికన్నా ముందు పొదుపు సంఘం. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ ఈ సంఘాలను బ్యాంకులతో కలిపే పద్ధతి మొదలుపెట్టాక, మన తెలుగు నేల మీద అది పాతుకున్నంతగా మరెక్కడా పాతుకోలేదని నా నమ్మకం. పట్టణాల్లో ఈ సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా. మీకు తెలిసిన మహిళ ఏ సంఘంలోనూ లేకపోతే చేర్పించండి. బ్యాంకు వడ్డీకి అప్పు దొరుకుతుంది, పొదుపూ అలవాటవుతుంది. మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు, ఒక పూట వెంట వెళ్తే చాలు.

తోపుడు బండ్ల వాళ్లకైతే పీఎం స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. 2020లో 10,000 అప్పుతో మొదలైంది, 2025లో మొదటి విడతను 15,000కు పెంచారు. సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది, తర్వాతి విడత పెద్దది వస్తుంది. చాలామంది ఆగిపోయేది కాగితాల దగ్గరే. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబర్ పాతది, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు లేదు. ఇవి సరిచేయించడానికి చదువుకున్నవాళ్లు ఒకరు పక్కనుంటే పని జరుగుతుంది.

మీ డబ్బునే అప్పుగా పెట్టాలనుకుంటే రంగ్ దే లాంటి వేదికలున్నాయి. 2008లో మొదలై, తర్వాత రిజర్వ్ బ్యాంక్ అనుమతితో నడుస్తున్న సంస్థ ఇది. రైతులకు, చేతివృత్తుల వాళ్లకు నేరుగా అప్పు ఇవ్వొచ్చు. ఒక్క మాట మరిచిపోకండి, ఇలాంటి వేదికల్లో అప్పు తిరిగి రాకపోతే నష్టం ఇచ్చినవాళ్లదే. ఒక్కరికే అంతా పెట్టకుండా పదిమందికి కొంచెం కొంచెం పెట్టండి. పోయినా తట్టుకోగలిగినంతే పెట్టండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన ఊళ్లో వీధికి నాలుగుంటాయి. వాళ్లకు కీవా గురించి చెప్పండి. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 25 డాలర్లతో ఆఫ్రికాలోనో, ఫిలిప్పీన్స్‌లోనో ఒక చిన్న వ్యాపారికి అప్పు ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్లకు వడ్డీ రాదు, అసలు తిరిగొస్తే ఇంకొకరికి ఇవ్వొచ్చు. అయితే అక్కడి స్థానిక సంస్థలు అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర వడ్డీ తీసుకుంటాయి. ఆ శాతం చూశాకే ఎంచుకోమనండి.

5. విరాళం ఇచ్చే ముందు రెండు రకాల పరీక్షలు

మొదటిది కాగితాల పరీక్ష. సంస్థకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు (12ఏ, 80జి) ఉందా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరుందా అని చూడండి. 2,000 దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు కాబట్టి ఖాతా నుంచే పంపండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఆ మినహాయింపు. మినహాయింపు కోసం సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్ (10బీఈ) తప్పకుండా అడిగి తీసుకోండి.

రెండోది అసలైనది. ఈ పనివల్ల ఫలితం ఉంటుందని ఎవరైనా కొలిచి చూశారా? దోమతెరల సంగతే తీసుకోండి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుక్కున్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పటికీ ఏటా దాదాపు ఆరు లక్షల మంది మలేరియాతో చనిపోతున్నారు, ఎక్కువమంది ఆఫ్రికాలోని చిన్నపిల్లలు. మందు పూసిన దోమతెర ధర కొద్ది డాలర్లే. అది పిల్లల ప్రాణాలు కాపాడుతుందని మళ్లీ మళ్లీ రుజువైంది. ఎగైనెస్ట్ మలేరియా ఫౌండేషన్ చేసేది అదే. గివ్‌వెల్ అనే సంస్థ ఇలాంటి లెక్కలన్నీ తరచి చూసి మంచి సంస్థల జాబితా ఇస్తుంది. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు, అంతే తేడా.

దగ్గర్లోనే ఇవ్వాలనుకుంటే కూడా లోటు లేదు. బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డబ్బు కట్టలేనివాళ్లకు పెద్ద ఆపరేషన్లు కూడా ఉచితంగా చేస్తుంది. చూపు వచ్చిన మనిషి మళ్లీ పనికి వెళ్లగలడు. శాంతా సిన్హా గారు నడిపిన ఎంవీ ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది, ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఐదారు చోట్లకు చిల్లరగా పంచడం కన్నా ఒకటి రెండు చోట్లకు నెలనెలా ఇవ్వడం మేలు. క్రమంగా వచ్చే డబ్బు ఉంటేనే సంస్థ ఏడాది ముందుగా పని అనుకోగలదు.

6. మళ్లీ అప్పులో పడకుండా కాపు కాయండి

కోలుకున్న కుటుంబాన్ని మళ్లీ డైలీ ఫైనాన్స్ దగ్గరికి నడిపించేది చాలాసార్లు జబ్బో, ఇంటి పెద్ద చావో. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. మీకు తెలిసిన ఇంట్లో అందరి పేర్లూ రేషన్ కార్డులో ఉన్నాయో లేదో ఇప్పుడే అడగండి, ఆస్పత్రిలో చేరాక పరుగులు పెట్టే టెన్షన్ తప్పుతుంది. 50 ఏళ్ల లోపు వాళ్లకు బ్యాంకు ఖాతా ద్వారా చేరే జీవన్ జ్యోతి జీవిత బీమా ఏడాదికి 436 రూపాయలు, 70 లోపు వాళ్లకు సురక్ష ప్రమాద బీమా 20 రూపాయలు. ఒక్కోదానికి 2 లక్షలు. ఆ డబ్బు మీరు కట్టినా భారం కాదు. ఈ రెండూ జూన్ 1 నుంచి ఏడాది పాటు వర్తిస్తాయి, ప్రీమియం మే నెలాఖరులో ఖాతాలోంచి కోసుకుంటారు. మే 25 కల్లా ఆ ఖాతాలో 456 రూపాయలు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోమని గుర్తు చేయండి.