అత్యవసర ల్యాండింగ్ చేసిన పైలట్‌కు సన్మానం: ఎప్పుడు, ఎలా చేయాలి

బెంగళూరులో, యలహంకలోనో హెబ్బాళలోనో మీ అపార్ట్‌మెంట్‌లో ఉండే పైలట్ గారు ఇంజిన్ పాడైన విమానాన్ని క్షేమంగా దించారని టీవీలో వస్తుంది. గంట తిరక్కుండానే "సాయంత్రం క్లబ్‌హౌస్‌లో సన్మానం పెడదాం" అని గ్రూపులో మెసేజ్ పడుతుంది. అభిమానం మంచిదే, ఆ సాయంత్రం మాత్రం వద్దు.

విమానం ఆగాక పైలట్ల పని ఇంకా మిగిలే ఉంటుంది. మద్యం తాగలేదని నిర్ధారించే పరీక్ష, రాతపూర్వక నివేదిక, అధికారుల ప్రశ్నలు ఉంటాయి. ఆపైన విచారణ కోసం డ్యూటీ నుంచి పక్కన ఉంచడమూ మామూలే. 2025 మే 21న ఢిల్లీ-శ్రీనగర్ ఇండిగో విమానం వడగళ్ల వానలో చిక్కుకుని క్షేమంగా దిగినప్పుడు ఆ పైలట్లను మెచ్చుకున్నారు, విచారణ కోసం డ్యూటీ నుంచి తప్పించారు కూడా. ఈ రెండో సంగతి తెలిసిన రోజే "సస్పెండ్ చేశారట, ఏదో తప్పు ఉండే ఉంటుంది" అనే పుకారు మొదలవుతుంది. గ్రూపు అడ్మిన్ వెంటనే ఈ రెండు వాక్యాలు పెట్టాలి: "విచారణలో భాగంగా డ్యూటీకి దూరంగా ఉంచడం ఆనవాయితీ, శిక్ష కాదు. నివేదిక వచ్చేదాకా కారణాల గురించి ఇక్కడ చర్చ వద్దు."

మొదటి మూడు రోజులూ పైలట్ గారి ఇంటివాళ్లతో మీలో ఒక్కరే మాట్లాడండి. క్యారియర్ పంపండి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించండి. గేటు దగ్గర సెక్యూరిటీకి రెండు మాటలు చెప్పి ఉంచండి: కెమెరాలతో వచ్చినవాళ్లను లోపలికి పంపొద్దు, ఫ్లాట్ నంబరు చెప్పొద్దు. లిఫ్టులో ఎదురైతే "అసలేం జరిగింది సార్?" అని అడక్కండి. విచారణ సాగుతుండగా వారు దానికి జవాబు చెప్పకూడదు. చెప్పకపోతే దాస్తున్నారంటారు, చెబితే ఉద్యోగానికే ముప్పు.

ఈ మౌనం ఎంత ఖరీదైనదో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కెప్టెన్ పీటర్ బర్కిల్ విషయంలో చూశాం. 2008 జనవరి 17న లండన్ హీత్రూ విమానాశ్రయం దగ్గర దిగబోతుండగా బోయింగ్ 777 రెండు ఇంజిన్లూ కావలసిన శక్తి ఇవ్వలేదు. నడుపుతున్నది కోపైలట్ జాన్ కవర్డ్. బర్కిల్ ఫ్లాప్‌లను (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలను) 30 నుంచి 25కు తగ్గించారు. విమానం రన్‌వేకు ముందే నేలను తాకినా 152 మందీ బతికారు. కొద్ది రోజులకే, ఆ క్షణంలో కెప్టెన్ చేష్టలుడిగి కూర్చున్నాడన్న పుకారు సొంత సంస్థలోనే పాకింది. ఇంధనంలోని మంచు అడ్డుపడిందని, ఫ్లాప్‌లు తగ్గించడం మేలు చేసిందని తుది నివేదిక వచ్చింది 2010లో. అప్పటికే ఆయన ఉద్యోగం వదిలేశారు. తర్వాత మళ్లీ చేరారు.

పొగడ్త కూడా ఎదురు తిరగొచ్చు. 2001 ఆగస్టులో లీకేజీతో ఇంధనం అయిపోయిన కెనడా సంస్థ ఎయిర్ ట్రాన్సాట్ విమానాన్ని 306 మందితో అట్లాంటిక్ మీదుగా గ్లైడ్ చేయిస్తూ అజోర్స్ దీవుల్లో దించిన కెప్టెన్ రాబర్ట్ పిషే రాత్రికి రాత్రే హీరో అయ్యారు. ఆ వెంటనే పత్రికలు ఆయన పాత జైలు శిక్షను తవ్వి తీశాయి. లీకేజీని గుర్తించడంలో సిబ్బంది లోపమూ ఉందని దర్యాప్తు తేల్చింది. ఆయన నైపుణ్యం నిజమే, లోపమూ నిజమే. మొదటి వారంలో రాసిన సన్మాన పత్రంలో ఈ రెండూ ఇమడవు.

అందుకే తేదీని పైలట్ గారికే వదిలేయండి. పెద్ద ఘటనల్లో అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రాథమిక నివేదికకు 30 రోజులు, తుది నివేదికకు 12 నెలలు లక్ష్యం. కనీసం వారు మళ్లీ డ్యూటీ ఎక్కేదాకా ఆగండి. సంస్థ అనుమతి వారి ద్వారానే, రాతపూర్వకంగా తీసుకోండి.

ఈలోగా వారికి నిద్ర పట్టడం లేదని తెలిస్తే మీ దగ్గరున్న మాత్రలు ఇవ్వకండి. పైలట్ వేసుకునే ప్రతి మందుకూ విమానయాన వైద్యుడి సలహా కావాలి. ఆ నిపుణులున్న ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ మన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపే ఉంది. ఇంటివాళ్లకు మానసిక సాయం కావాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416.

ఫ్లెక్సీ మీద తేదీ, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఇద్దరు పైలట్ల పేర్లు, క్యాబిన్ సిబ్బంది పేర్లు చాలు. "ప్రాణదాత" వద్దు, ప్రమాద కారణం అసలే వద్దు. న్యూయార్క్ దగ్గర హడ్సన్ నదిలో 2009లో 155 మందితో దిగిన విమానమంటే అందరికీ కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ఒక్కరే గుర్తుకొస్తారు. ఆ రోజు టేకాఫ్ చేసింది ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్. నీళ్లలోకి దిగాక జనాన్ని బయటికి పంపింది ముగ్గురు క్యాబిన్ సిబ్బంది. కాబట్టి శాలువాలు అందరికీ కొనండి. రాలేనివాళ్లకు ఇంటికి పంపండి.

కార్యక్రమం అరగంటలో అయిపోవాలి. ఇద్దరు మాట్లాడితే చాలు. ప్రశ్నలు, లైవ్ వద్దు. పైలట్ గారు మైకు అడిగితేనే ఇవ్వండి. వీడియోను ముందు వారికి పంపి, తీసేయమన్న చోట తీసేశాకే గ్రూపులో పెట్టండి.